ఫెలోషిప్ అన్న ఒక్క మాట

దగ్గరికి జరుగు బిడ్డా. ఆ కుర్చీ వదిలేసి ఇటు చాప మీదికి రా. ఇవాళ్టి కథలో అరిచేవాళ్లు తక్కువ, గొంతు తగ్గించి అనే మాటలే ఎక్కువ. దూరంగా కూర్చుంటే అసలు మాట నీ చెవిన పడకుండానే పోతుంది.

మొగిలమ్మ ఇంకా దావీదు ఇంటి గడప మీదే ఉంది. దిగి పోలేదు, దాటి లోపలికీ రాలేదు.

దావీదు భార్య లిదియా తెచ్చిచ్చిన మంచినీళ్ల గ్లాసు ఆమె పక్కన నేల మీద అట్లాగే ఉంది. పొద్దున్నే వర్ధన్నపేటలో బస్సెక్కి, హనుమకొండలో దిగి, ఎండలో నడిచొచ్చిన మనిషి. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. అయినా గ్లాసు ముట్టలేదు. ఇంటికొచ్చిన మనిషి నీళ్లు ముట్టకపోతే ఆ ఇంటి ఆడదానికి ఎంత చిన్నతనమో నీకు వేరే చెప్పాలా? లిదియా వంటింట్లోకి పోయేది, ఏదో గిన్నె కదిపేది, మళ్లీ వచ్చి గ్లాసు వంక చూసేది. గ్లాసు నిండుగానే ఉండేది.

వాకిట్లో టెంటోళ్లు షామియానాకు గుంజలు పాతుతున్నారు. రేపు ఆదివారం దావీదు అక్క రెబెకమ్మ జ్ఞాపకార్థ కూడిక. ఆమె పోయి ఏడాది అయింది. వరండా మూలన శిల్పి రాజమల్లు కూర్చుని నల్లరాతి పలక అంచుల్ని ఉలితో సవరిస్తున్నాడు. టిక్కు, టిక్కు. పలక మీద అక్షరాలు ఎప్పుడో అయిపోయాయి: "డాక్టర్ రెబెకా స్మారక యూత్ ఫెలోషిప్ హాల్". రేపు పాస్టరయ్య దాని మీది గుడ్డ తీస్తాడు. ఎల్లుండి ఈ ఇంటి మేడ మీది గదుల గోడలు పడగొట్టి హాలు కట్టడం మొదలు.

దావీదు వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తూనే ఉన్నాడు. కాజీపేటలో రైలు గార్డుగా చేసి రిటైరైన మనిషి. కోపమొస్తే కూర్చోలేడు. ప్లాట్‌ఫారం మీద బండి కదలనంతసేపు తిరిగినట్టు తిరుగుతాడు.

"నేను లొల్లికి రాలే సారూ" అంది మొగిలమ్మ. "నా బిడ్డను తోలుకపోతందుకు వచ్చిన. ఎల్లుండి సంది తొర్రూరు కాలేజీల పాఠాలు చెప్తది. ఈ కణాలు వద్దు, మీ ఆదివారాలు వద్దు."

ఆ బిడ్డ, రమ, మేడమెట్ల మీద సగంలో కూర్చుని ఉంది. పైకీ పోలేక, కిందికీ రాలేక. ఒడిలో చేతులు నలుపుకుంటోంది.

ఆ మెట్ల పైన ఏముందో చెప్పనా? రెబెకమ్మ గది. దావీదుకు అక్క, లిదియాకు ఆడబిడ్డ. ఈ ఊళ్లో పుట్టి, ఆడపిల్లలు కాలేజీ మెట్లెక్కడానికే వెనకాడే రోజుల్లో కణాల శాస్త్రం చదివిన మనిషి. ఆకాశం నుంచి కంటికి ఆనని కణాలు వానలా రాలుతూ ఉంటాయని, అవి మన తల గుండా, గోడ గుండా, గుట్ట గుండా దూరిపోతుంటాయని చెప్పేది. వాటిని పట్టడానికి బంగారు గని అడుగున ఏళ్ల తరబడి కూర్చుంది. మగవాళ్లే దిగే గనిలోకి మొదట దిగిన ఆడది ఆమె. పెద్దతనంలో ఇంటికొచ్చి మేడ మీద ఒక గాజుపెట్టె పెట్టుకుంది. గది చీకటి చేసి, పెట్టెలో చల్లటి ఆవిరి నింపి, పక్క నుంచి దీపం పెడితే, కణం పోయిన దారిలో సన్నటి తెల్లటి దారం లాంటి గీత పడి మాయమయ్యేది. పరిశోధన చేసే ఆడపిల్లలు దాని కోసం, ఆమె కోసం వచ్చేవాళ్లు. ఆ మేడ మీదే ఉండేవాళ్లు, లిదియా చేతి అన్నం తినేవాళ్లు. వాళ్లలో చివరిది రమ. మొగిలమ్మ పత్తి ఏరి చదివించిన పిల్ల. రెబెకమ్మ పోయాక గాజుపెట్టెను తుడిచేది, నడిపించేది ఆ పిల్ల ఒక్కతే.

దావీదు తిరగడం ఆపి అడిగాడు. ఇన్నాళ్లూ బుద్ధిగా వచ్చిన పిల్లను రేపు కూడిక పెట్టుకుని ఇవాళ ఎందుకు తీసుకుపోతున్నావని. పోయినామె ఆత్మ ఏమనుకుంటుందని. మొగిలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని పక్కకు తిరిగింది. దావీదుకు ఇంకా మండింది.

"నీ బిడ్డ కోసమే గదా చెల్లె, ఫెలోషిప్ పెట్టింది? నడిమిట్ల ఇడిసిపెట్టి పోతదా?"

"ఇడిసిపెట్టనీకె మీరు ఇచ్చిందెక్కడ సారూ?"

"ఇయ్యకపోవుడేంది? ప్రతి ఆదివారం ఇస్తనే ఉన్నం గద."

మొగిలమ్మ కూతురి వైపు తిరిగింది. "ఏందే, ప్రతి ఆదివారం ఇచ్చిన్రా? నాకు చెప్పకపోతివి."

రమ తల ఊపింది, లేదని. రాజమల్లు ఉలి ఆగింది.

దావీదుకు ఏమీ అర్థం కాలేదు. వేళ్లు ముడుస్తూ చెప్పుకొచ్చాడు. పాటల పుస్తకం ఇచ్చాం. పేరు రాసి పరిశుద్ధ గ్రంథం ఇచ్చాం. నాలుగు మాటలు చెప్పాం, టీ ఇచ్చాం, సమోసా ఇచ్చాం. ఇంకా ఫెలోషిప్ అంటే ఏముంటుంది?

లిదియా చేతిలోని గరిటె అక్కడే ఆగిపోయింది. ఆ మాట ఆ ఇంట్లో ఆమె పెళ్లయి వచ్చినప్పటి నుంచి వింటున్న మాట. ఆదివారం సాయంత్రం ఫెలోషిప్. ఆడవాళ్ల ఫెలోషిప్. వయసు పిల్లల ఫెలోషిప్. నలుగురు కూడి పాట పాడి ప్రార్థన చేసుకోవడం. దానికి ఇంకో అర్థం ఉండొచ్చని ఆమెకు కలలో కూడా తోచలేదు. కానీ మెట్ల మీద ఆ పిల్ల ముఖం చూస్తే ఏదో ఉందనిపించింది.

"రమా, నువ్వు చెప్పు బిడ్డా" అంది లిదియా. "నువ్వేమనుకున్నవు?"

రమ లేచి నిలబడింది. మెల్లగా మొదలుపెట్టింది. మేడమ్ చనిపోయిన నెలలోనే సారు పిలిచి, అక్క నీ కోసం ఫెలోషిప్ పెట్టమంది, ఆదివారం రా అన్నాడు. వచ్చింది. వాళ్ల ప్రార్థన గుడిలో అందరి ముందు నిలబెట్టి, మా అక్క ఫెలోషిప్‌కు మొదటి బిడ్డ ఈమే అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పిల్లకు కళ్ల నీళ్లు తిరిగాయి.

"ఫెలోషిప్ వచ్చిందని ఇంటికి ఫోన్ జేసిన సార్. మా అమ్మ వాడంత మిఠాయి పంచింది."

"మరి ఏడాది సంది అడగకపోతివి?" అంది లిదియా.

"అడుగుడు బాగుండదనుకున్న ఆంటీ. మాకు యూనివర్సిటీల కూడ గంతే. సార్లు పిలిచినకాడికల్ల పోవాలె, చెప్పిందల్ల వినాలె, సంతకం ఎప్పుడు పెడ్తరో ఎదురు సూడాలె. ఇది కూడ అట్లనే అనుకున్న." కొంచెం ఆగి అంది. "పాటలు మంచిగుండె. ఎనుక బెంచీల కూసుంటుంటి."

టెంటోళ్లలో ఎవరో గుంజ మీద సమ్మెట వేశాడు. ఆ చప్పుడుకు అందరూ ఉలిక్కిపడ్డారు.

"సార్, మా దగ్గర ఫెలోషిప్ అంటే ఇది కాదు" అంది రమ. "పరిశోధన చేసేటోళ్లకు తిండికి, కిరాయికి, పని ఆగకుండ ఇచ్చే ఆసరాను ఫెలోషిప్ అంటరు. ఎవరన్న పెద్ద సైంటిస్టు పోతే ఆమె పేరు మీద పెడ్తరు. చిన్నోళ్లు ఆమె పని ముంగటికి తీస్కపోవాలని."

"మా దగ్గర సహవాసాన్ని అంటరు" అన్నాడు దావీదు.

ఇక మొగిలమ్మ ఆగలేదు. మిఠాయి తిన్న నోళ్లే తర్వాత ఏమన్నాయో చెప్పింది. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. పిల్ల సంచిలో పరిశుద్ధ గ్రంథం కనబడింది, పిల్ల చేతికి మాత్రం ఏ ఆసరా రాలేదు. ఫెలోషిప్ అని చెప్పి మతం మార్చుకున్నారని ఒకరు. కాదు, అసలు ఫెలోషిప్పే రాలేదు, తల్లీకూతుళ్లు అబద్ధమాడారని ఇంకొకరు. పత్తి చేలో పక్క సాలులో నడిచే సమ్మమ్మ కూడా మాట్లాడ్డం మానేసింది.

"మీ దేవునితోని నాకు పంచాది లేదు సారూ. ఆయన నా బిడ్డనేమన్నడు? కానీ నా బిడ్డ అబద్ధమాడలే. ఆ మాట వాడల నిలబడి నేనెట్ల చెప్పాలె?"

కుక్కర్ కూతపెట్టింది. లిదియా కదల్లేదు. మళ్లీ కూతపెట్టింది.

దావీదు గోడను ఆనుకుని నిలబడ్డాడు. అంతసేపూ నడిచిన మనిషి ఆగేసరికి ముసలివాడిలా కనిపించాడు. లిదియాకు తెలుసు, ఆయన ఇప్పుడు ఆ దవాఖాన మంచం దగ్గర ఉన్నాడని. రెబెకమ్మ మాట చివరిసారి తిన్నగా వచ్చిన రోజు. వాళ్లిద్దరూ అక్కడే ఉన్నారు. "పిల్లలకు ఫెలోషిప్ పెట్టుండ్రి తమ్ముడా. నా మేడ దానికే. రమ ఆగిపోవద్దు." అంతే. దావీదు బోరుమని ఏడ్చాడు. అది దుఃఖం కాదు, సంతోషం.

ఎందుకంటే అక్కాతమ్ముళ్లకు ఉన్న గొడవంతా దేవుడి గురించే. గనిలోకి దిగినప్పటి నుంచి రెబెకమ్మ గుడి ముఖం చూడటం తగ్గించింది, తర్వాత మానేసింది. ప్రతి పండక్కీ దావీదు బతిమాలేవాడు, తిట్టేవాడు, అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. ఆమె నవ్వేది, తమ్ముడి కంచంలో ఇంకో ముక్క వేసేది. నేను పోయాక అక్క ఎక్కడ, నేనెక్కడ అని ఆయన చీకట్లో లిదియాను అడిగేవాడు. అట్లాంటి అక్క పోయే ముందు నోరు తెరిచి ఫెలోషిప్ అంది. రమ గుడి గుమ్మం దగ్గరే ఆగిపోవద్దంది. ఆయన విన్నది అదీ. దాని మీదే ఏడాది నుంచి కంటినిండా నిద్రపోతున్నాడు.

"మా అక్క దేవుని తానికి మళ్లిందనుకున్న" అన్నాడు నెమ్మదిగా, ఎవరితోనో తెలియకుండా. "నేను తప్పు వినలే. ఆమె ఆ మాటే అన్నది."

"ఆ మాటే అన్నది" అంది లిదియా.

"ఏ అర్థంల అన్నదో మీకెట్ల తెలుస్తది? పోయే మనిషి పైనున్నోణ్ని తలుసుకుంటదా, కిరాయి తలుసుకుంటదా?" అన్నాడు దావీదు.

దావీదు మెట్ల దగ్గరికి వచ్చి రమ ముందు నిలబడ్డాడు. కోపం లేదు ఇప్పుడు. అడుక్కునే మనిషిలా ఉన్నాడు.

"నువ్వు ఎప్పుడు ఆమె పక్కనే ఉంటివి. ఎన్నడన్న ప్రార్థన మాట ఎత్తిందా బిడ్డా? ఒక్కసారన్న?"

మొగిలమ్మ కూతురి వైపు చూసింది. లిదియా చూసింది. అవును సార్ అని ఒక్క మాట అంటే చాలు, ఆ ముసలాయన గుండె నిమ్మళమవుతుంది. ఎవరికీ తెలియదు, ఎవరూ కాదనరు. రమకు ఆ సంగతి తెలుసు. ముఖం ఎర్రబడింది.

"లేదు సార్" అంది. "పెట్టె కాడ కూసున్నప్పుడు మాట్లాడనియ్యకపోయేది. సూడు అనేది. గంతే."

దావీదు మెట్టు మీద కూలబడ్డాడు. నోరు ఎండిపోయి నాలుకతో పెదవులు తడుపుకుంటున్నాడు. అప్పుడు మొగిలమ్మ ఏం చేసిందంటే, తను ముట్టని ఆ నీళ్ల గ్లాసు తీసి, మొదటిసారి గడప దాటి లోపలికొచ్చి, ఆయన చేతికి ఇచ్చింది. ఆయన తాగాడు.

లిదియా లోపల ఒకటి కదిలింది. సూడు. ఆ మాట పట్టుకుని దవాఖాన మంచం మళ్లీ కళ్లముందుకొచ్చింది. ఆ రోజు దావీదు పాస్టరయ్యకు ఫోన్ చేయడానికి బయటికి పరుగెత్తాడు. గదిలో తనూ వదినే. వదిన చేయి గాలిలో ఏదో వెతికింది. ఏం కావాలంటే సైగ చేసింది. ఇది లిదియా ఎవరికీ చెప్పలేదు. దాచిపెట్టి కాదు. చెప్పదగ్గ సంగతని తోచక. రోజూ ఉండే పనే కదా, వదినకు రోజూ అందించేదే కదా.

చెబితే ఈయన నిద్ర పోతుంది. చెప్పకపోతే ఆ పిల్ల తొర్రూరు పోతుంది, గాజుపెట్టె మీద దుమ్ము పడుతుంది. ఆమె ఆ మేడమెట్ల వైపు, మొగుడి తెల్లజుట్టు వైపు చూసింది. పోయి ఆయన పక్కన మెట్టు మీద కూర్చుంది. ఇన్నేళ్ల కాపురంలో నలుగురి ముందు ఆమె ఆయన పక్కన కూర్చున్నది తక్కువ.

"మీరు ఫోన్ కోసం బయటికి పోయిన్రు గద" అంది. "అప్పుడు వదినె నన్నొకటి అడిగింది."

"ఏమడిగింది?"

"కండ్లద్దాలు."

ఆయనకు వెంటనే అందలేదు. ఆమె ఇంకొంచెం మెల్లగా చెప్పింది.

"కొంగుతోని తుడిచి పెట్టిన. కిటికీల నుంచి ఎండ పడుతాంది, అండ్ల నలుసులు తేలుతాన్నయి. దాన్నే సూసుకుంట పండుకున్నది. మీరు అయ్యగారిని తోలుకొచ్చేదాంక గట్లనే సూసింది. ప్రార్థన చేసుకునేటోళ్లు కండ్లు మూస్తరు గద. వదినె అద్దాలడిగింది."

మేడ మీద గది తలుపు గాలికి కొట్టుకుంది. రమ వెక్కిళ్లు ఆపుకోవడానికి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

దావీదు గ్లాసు మెట్టు మీద పెట్టాడు. తర్వాత లేచాడు. లిదియా చేయి పట్టబోయింది, ఆయన పట్టించుకోలేదు. వరండాలోకి పోయి పలక ముందు నిలబడ్డాడు. అక్షరాల మీద వేలు పెట్టి తడుముకుంటూ పోయాడు. ఫెలోషిప్ అన్న చోట ఆగాడు.

"రాజమల్లూ, ఈ ముంగటి 'యూత్', ఆ ఎనుక 'హాల్' చెక్కి తీసేస్తే అయితదా? నడిమిది ఉండనియ్యి."

రాజమల్లు తల గోక్కున్నాడు. ఉలి పడ్డ జాగాలో గుంట పడుతుంది, పలకంతా చెడినట్టు కనబడుతుందని చెప్పాడు. ఒకటే దారి. పలకను తిరగేసి వెనుక వైపు నునుపు పట్టి కొత్తగా చెక్కాలి.

"మరి ఈ రాత?"

"ఇది గోడలకు పోతది సారూ. ఎవ్వలకు కనవడది. కానీ ఉంటది."

"రేపటికి అయితదా?"

"రేపటికి కాదు."

దావీదు పలక మీద చేయి వేసి అట్లాగే నిలబడ్డాడు. గుడిలో అందరికీ చెప్పేశాడు. కార్డులు పంచేశాడు. ఊరి ముందు నిలబడి, మా అక్క దేవుని తావుకు మళ్లిందని సాక్ష్యం చెప్పింది ఆయనే. రేపు అదే నోటితో ఏం చెబుతాడు?

అప్పుడే గేటు దగ్గర మోటారు సైకిల్ ఆగింది. పాస్టరయ్య. షామియానా కిందికి వంగి నవ్వుతూ వచ్చాడు, చేతిలో రేపటి కార్యక్రమం కాగితం. వరండాలో నిలబడ్డ వాళ్లందరినీ చూసి, కూడిక పనుల మీద ఉన్నారనుకున్నాడు. మొగిలమ్మకు కూడా నమస్కారం పెట్టాడు.

"దావీదన్నా, రేపు మొదట మాట్లాడేది నువ్వే. తయారేనా?"

దావీదు పలక మీది గుడ్డను పైకి లాగి కప్పాడు.

"తయారే అయ్యగారు."

"ఫెలోషిప్ గురించేనా?"

లిదియా, మెట్ల మీద రమ, గడప లోపల మొగిలమ్మ, ఉలి పట్టుకున్న రాజమల్లు, అందరూ ఆయన నోటి వైపే చూశారు.

"అవునయ్యగారు" అన్నాడు దావీదు. "ఫెలోషిప్ గురించే."

పాస్టరయ్య తృప్తిగా తలూపి కాగితం మీద గుర్తు పెట్టుకున్నాడు.

ఇంతవరకే ఇవాళ్టికి. నువ్వు మీ చెల్లెకో, పక్కింటి పిల్లకో ఈ కథ చెప్పేటప్పుడు షామియానా మరిచినా ఫరవాలేదు, పలక మరిచినా ఫరవాలేదు. పోయే ముందు ఆమె అద్దాలు అడిగిన మాట మాత్రం విడిచిపెట్టకు బిడ్డా. అది గుర్తుపెట్టుకుని, నీ నోటితో ఇంకొకరికి చెప్పు.